పంతొమ్మిదో మనిషి

ఈద్ మర్నాడు కందుగిరి దీవికి వెళ్లి రావడం ఆ ఇంటివాళ్ల ఆనవాయితీ. కందుగిరిలో మనుషులు ఉండరు. చుట్టూ తెల్లటి ఇసక, మధ్యలో కొబ్బరిచెట్లు, మొగలిపొదలు, ఎవరో ఎప్పుడో తవ్విన ఒక ఉప్పునీటి బావి, అంతే. దోణి మీద గంటంబావు ప్రయాణం. పొద్దున్నే వెళ్తే పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు, పెద్దవాళ్లు తిని చెట్లకింద నడుం వాలుస్తారు, పొద్దు వాలేలోగా అందరూ ఇంటికి చేరతారు. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసం ఎదురుచూసేవాళ్లు ఆ ఇంట్లో చాలామందే ఉన్నారు. రౌఫా వాళ్లలో ఒకతె కాదు.

ఆమె చిన్నకోడలు. దక్షిణాన వేరే దీవి నుంచి పన్నెండేళ్ల కిందట షుజాని పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. ఈద్ రోజంతా వచ్చేపోయేవాళ్లకి వండి వడ్డించింది. మర్నాడు ఇంకా తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టి అరవై దాకా కాల్చింది. ఎండిన సూరచేపని చిదిమి, కొబ్బరికోరు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి నిమ్మరసం పిండి, రెండు పెద్ద గిన్నెలకి ఎత్తింది. బియ్యం, కారం ముద్ద, టీపొడి, పంచదార, పాలపొడి, కెటిలు, చాపలు, పిల్లల తువ్వాళ్లు అన్నీ రేవుకి చేర్పించింది. ఆమె తలమీంచి తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకునేసరికి మిగతావాళ్లు ఒక్కొక్కరే నిద్రకళ్లతో వస్తున్నారు.

రెండు దోణులు. పెద్దది బావగారు మాణిక్‌ది, చిన్నది ఆయన పినతండ్రి కొడుకుది. మాణిక్‌కి యాభై దాటాయి. చుక్కాని పట్టుకుంటే ఇక ఆయన మాటే చెల్లాలి. ఇంట్లోనూ అంతే. దోణులు కదలబోయే ముందు ఆయన అలవాటుగా, "ఎంతమందిమి, రౌఫా?" అని అడిగాడు. రౌఫా రేవు గట్టుమీద నిలబడి రెండు దోణుల్లోనూ వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "పద్దెనిమిది" అని చెప్పి, చిన్నదోణిలోకి దిగింది. తలలు లెక్కపెట్టే పని కూడా ఎప్పట్నించో ఆమెదే.

కందుగిరిలో దిగగానే అందరూ నీళ్లలోకి పరిగెత్తారు. రౌఫా మూడు రాళ్లు చూసుకుని పొయ్యి పెట్టింది. మగవాళ్లు దారిలో పట్టిన చేపల్ని తెచ్చి ఇసకలో పడేసి వెళ్లారు. ఆమె వాటిని కడిగి, గాట్లు పెట్టి, కారం పట్టించి, కొబ్బరిమట్టల మంట మీద కాల్చింది. ఆమె కూతురు నష్వాకి తొమ్మిదేళ్లు. మోకాల్లోతు నీళ్లలో నిలబడి, "అమ్మా, రావే, నాకు వెల్లకిలా తేలడం నేర్పిస్తానన్నావుగా" అని మూడుసార్లు పిలిచింది. రౌఫా మూడుసార్లూ, "ఇదిగో, ఈ ఒక్కటీ అయిపోతే వస్తా" అంది. చిన్నప్పుడు ఆమె తన దీవిలో ఆడపిల్లలందరికంటే ముందు పగడపు దిబ్బ దాకా ఈదివచ్చేది. ఆ సంగతి ఈ ఇంట్లో నష్వాకి తప్ప ఎవరికీ తెలియదు.

భోజనాలయ్యాయి. ఆఖరున ఆమె కూర్చునేసరికి చేపలు అయిపోయి గిన్నెలో ముళ్లు మిగిలాయి. రొట్టెతో కారం తిని లేచి, గిన్నెలన్నీ ఇసకతో తోమి, ఉప్పునీళ్లలో కడిగి, మూతలతో సహా బుట్టల్లో సర్దింది. తన ఫోను కూడా తడవకుండా రొట్టెల బుట్టలో గుడ్డకింద పెట్టింది. అప్పుడు చేతులు దులుపుకుని, నష్వా దగ్గరికి వెళ్దామని రెండడుగులు వేసింది.

అప్పుడే అత్తగారు పిలిచింది. ఆడపడుచు నాజిమా ఫొటోలు తీసుకోవడానికి దీవి అవతలి ఒడ్డుకి వెళ్లి, ఒక చెప్పు అక్కడే పోగొట్టుకుని వచ్చిందట. పూసలు కుట్టిన వెండిరంగు చెప్పు, మొగుడు రాజధాని మాలే నుంచి తెచ్చాడు. నాజిమా చెట్టుకింద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"నువ్వెళ్లి ఓసారి చూసిరా రౌఫా, నీ కాళ్లు చురుకు" అంది అత్తగారు.

"ఎడమకాలిది. పూసలు రాలిపోకుండా పట్టుకురా" అంది నాజిమా.

రౌఫా వెళ్లింది. ఎందుకు వెళ్లానని ఆ తర్వాత తనని తాను చాలాసార్లు అడిగింది. పన్నెండేళ్లుగా ఎవరు ఏం తెమ్మంటే అది తెచ్చిన కాళ్లు, ఆమెని అడక్కుండానే నడిచాయి.

దీవి పొడుగ్గా ఉంటుంది. మధ్యలో పొదలు తప్పించుకుంటూ నడిస్తే అవతలి ఒడ్డుకి ఇరవై నిమిషాలు. చెప్పు ఇసకలో సగం కూరుకుని ఉంది. ఆమె దాన్ని వెతుకుతున్న సమయంలోనే పడమట నల్లటి మబ్బు లేచింది. గాలి మారింది. మాణిక్ మబ్బుకేసి ఒక్కసారి చూసి, వాన ముదిరేలోపు ఒడ్డు ముందరి పగడపు దిబ్బ దాటాలి, తొందరగా ఎక్కమని అందరినీ తరిమాడు. రౌఫా మొగలిముళ్లు గీసుకున్న చేతులతో ఇవతలికి వచ్చేసరికి దోణులు రెండూ దిబ్బ దాటి అవతల ఉన్నాయి.

మొదట ఆమెకి భయం కూడా వెయ్యలేదు. దోణుల్ని లోతునీళ్లలోకి మార్చారేమో అనుకుంది. చెయ్యెత్తి ఊపింది. కేకలు వేసింది. ఇంజన్ల మోతలో ఎవరికి వినిపిస్తుంది? దోణులు చిన్నవవుతూ పోయాయి.

అప్పుడు ఒడ్డంతా చూసుకుంది. చాపలు లేవు. బుట్టలు లేవు. కెటిలు లేదు. చెట్టుకొమ్మకి ఆరేసిన చిరిగిన తువ్వాలు కూడా లేదు. పొయ్యిలో నిప్పు మాత్రం ఇంకా పొగలు కక్కుతోంది. గిన్నె మూత ఒక్కటైనా మరిచిపోలేదు వీళ్లు, అనుకుంది రౌఫా. ఆ మాట అనుకోగానే గుండెల్లో ఏదో భగ్గుమంది.

వాన పావుగంట కొట్టి పోయింది. ఆమె కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని తడిసింది. పోనీలే, సగం దారిలో చూసుకుంటారు, వెనక్కి తిరుగుతారు అనుకుంది. షుజా చూసుకుంటాడు. అత్తగారు చూసుకుంటుంది, చెప్పు కోసం పంపింది ఆవిడేగా. నష్వా అయితే ఎక్కగానే చూసుకుంటుంది. అరగంట అయింది. గంట అయింది. సముద్రం మీద ఒక్క చుక్కైనా కనిపించలేదు.

మాణిక్ లెక్కపెట్టకుండా బయల్దేరే మనిషి కాదు. మరి ఎలా జరిగింది? తడిబట్టలతో కూర్చుని దాని గురించే ఆలోచిస్తుంటే ఆమెకి హఠాత్తుగా తెలిసింది. పొద్దున తను చెప్పిన అంకె పద్దెనిమిది. అందులో తను లేదు. రెండు దోణుల్లోవాళ్లనీ ఒక్కొక్కరినే లెక్కపెట్టి, తనని వదిలేసింది. ఎప్పుడూ తిరుగుప్రయాణంలోనూ లెక్క తనే చెప్పేది; ఈసారి వాన తొందరలో మాణిక్ తన దోణిలో పదకొండుమందిని ఆయనే లెక్కపెట్టుకుని, చిన్నదోణి వాడిని అడిగి ఉంటాడు, వాడు ఏడుగురని చెప్పి ఉంటాడు, పద్దెనిమిది, లెక్క సరిపోయింది. పెద్దదోణివాళ్లు ఆమె చిన్నదోణిలో ఉందనుకుని ఉంటారు, చిన్నదోణివాళ్లు పెద్దదోణిలో అనుకుని ఉంటారు.

కాసేపు తన మీద తనకే కోపం వచ్చింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. తప్పు అంకె చెప్పింది తనే, నిజమే. పన్నెండు ఈద్‌లుగా ఆ అంకెలో ఒకటి తగ్గుతోందని ఇంతమందిలో ఒక్కరికీ అనిపించలేదా? ఒక్కరైనా, "నిన్ను కలుపుకున్నావా రౌఫా?" అని అడిగారా?

చేతిలో ఇంకా చెప్పు ఉంది. లేచి నీళ్ల దాకా వెళ్లి దాన్ని బలంకొద్దీ విసిరింది. అల తెచ్చి కాళ్ల దగ్గర పడేసింది. మళ్లీ విసిరింది. మళ్లీ తెచ్చింది. మూడోసారి దాన్ని పళ్ల మధ్య బిగించి పట్టుకుని, నడుం లోతుకి, మెడ లోతుకి వెళ్లి, అక్కడ్నించి బట్టలతోనే ఈదడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల తర్వాత ఈదుతోంది. చేతులు మరిచిపోలేదు. ఎవరినో కొడుతున్నట్టు నీళ్లని కొడుతూ పగడపు దిబ్బ దాకా వెళ్లి, దిబ్బ మీద నిలబడి, అవతలి నీలపు లోతులోకి ఆ చెప్పుని వదిలేసింది. పూసలు తళుక్కుమంటుండగా అది రెండు మెలికలు తిరిగి కిందికి పోయింది.

తిరిగి వస్తూ వెల్లకిలా తేలింది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. మబ్బు విడిపోయింది. ఇంకో రోజైతే, పక్కన కూతురు ఉండి ఉంటే, ఎంత హాయిగా ఉండేది. ఆ హాయి కూడా ఇలా మిగిలిపోయిన కూడులా దొరకాలా అనుకుంటే ఆమెకి కళ్లు మండాయి. ఉప్పునీళ్లవల్ల అనుకుంది. తర్వాత నష్వా గుర్తొచ్చింది. అమ్మ మునిగిపోయిందనుకుని ఏడుస్తోందేమో. ఆ ఆలోచనతో ఇక నీళ్లలో ఉండలేక ఒడ్డుకి వచ్చేసింది.

ఎండ ఏటవాలుగా పడేవేళకి వచ్చింది స్పీడుబోటు. పక్కింటి లతీఫ్ నడుపుతున్నాడు. ముందుభాగంలో నష్వా నిలబడి ఉంది. వెనక షుజా, మాణిక్.

బోటు ఇంకా ఒడ్డుకి రాకముందే మాణిక్ నవ్వుతూ అరిచాడు. "బతికే ఉన్నావా అమ్మాయ్? పీతలు తినేశాయేమో అనుకున్నాం."

నష్వా నీళ్లలోకి దూకి, పడుతూ లేస్తూ వచ్చి తల్లి నడుముని కరుచుకుంది.

"నేను చెప్పానమ్మా. దోణి కదిలినప్పుడే చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

"పెదనాన్నకి. అమ్మ లేదు అంటే, ఆ దోణిలో ఉందిలే, కూర్చో అన్నాడు. నాన్నకి చెప్పాను. నాన్నమ్మకి చెప్పాను. మళ్లీ పెదనాన్న దగ్గరికి వెళ్తే, ఇంకోసారి లేచావంటే నీళ్లలో పడేస్తా అన్నాడు." పిల్ల ముక్కు తుడుచుకుంది. "ఇంటికెళ్లాక నువ్వు లేవు. నాన్న పడుకున్నాడు. లేపితే, ఎవరింటికో వెళ్లుంటుంది, నన్ను పడుకోనీ అన్నాడు. నేను అందరిళ్లకీ వెళ్లి చూశాను."

రౌఫా కూతురి తలమీద చెయ్యి వేసి, తల ఎత్తి మొగుడికేసి చూసింది. షుజా మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"నేను లేనని ఎప్పుడు చూసుకున్నావు?"

అతను ఇసకకేసి చూశాడు. ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. సగం దారిలోనే తెలిసింది, కానీ వాన అనొచ్చు, ఇంజను అనొచ్చు. షుజా అబద్ధాలాడే మనిషి కాదు.

"నిద్ర లేచాక" అన్నాడు. "టీ కోసం చూస్తే."

ఆ నిజాయితీని ఇంకెప్పుడైనా అయితే మెచ్చుకునేది. ఇప్పుడు అది చెంపదెబ్బలా తగిలింది. మూడు గంటలు. ఆ మూడు గంటల్లోనూ ఆమె కోసం వెతికింది తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే.

మాణిక్ నవ్వు ఆపేశాడు. జరిగిందేదో జరిగిందని, పొద్దువాలితే దిబ్బలు కనిపించవని, ముందు బోటెక్కమని అన్నాడు. రేవులో జనం ఉంటారు కాబట్టి, ఎవరైనా అడిగితే ఆమే కావాలని ఉండిపోయిందని చెబుదామని, ఇంటి పరువు నలుగురి నోళ్లలో పడకూడదని కూడా అన్నాడు. రౌఫా కూతుర్ని ఎత్తుకుని బోటెక్కి, లతీఫ్ పక్కన కూర్చుంది. దారంతా షుజా ఆమె వెనకే కూర్చుని ఉన్నాడు. ఒకసారి ఆమె భుజం మీద పొడిగుడ్డ కప్పబోయాడు. ఆమె భుజం కదిపింది, గుడ్డ జారి బోటులో పడింది.

సాయంత్రం రేవులో తాడు కుర్చీలన్నీ నిండి ఉంటాయి. దీవిలో మగవాళ్లంతా అక్కడే వక్కలు నములుతూ కూర్చుంటారు. నాజిమా, అత్తగారు కూడా వచ్చి గట్టుమీద నిలబడ్డారు. బోటు ఆగగానే ఎవరో, "ఏంటి మాణిక్, ఈ వేళప్పుడు మళ్లీ ఎక్కడికెళ్లొచ్చారు?" అని అడిగారు.

మాణిక్‌కి తమాషా చెయ్యకుండా జవాబు చెప్పడం రాదు. "మా మరదలికి కందుగిరి తెగ నచ్చిందట. అక్కడే కాపురం పెడతానంది. పీతలు ఒప్పుకోక పంపించేశాయి" అన్నాడు.

కుర్చీల్లో నవ్వులు లేచాయి. రౌఫా అప్పటికే గట్టెక్కి నడుస్తోంది. నాజిమా ఎదురొచ్చి, ఏం మాట్లాడాలో తోచకో ఏమో, నెమ్మదిగా, "చెప్పు దొరికిందా?" అంది.

రౌఫా ఆగింది.

"దొరికింది వదినా. దిబ్బ అవతల సముద్రంలో వేశాను. కావాలంటే వెళ్లి తెచ్చుకోండి." తర్వాత కుర్చీలవైపు తిరిగింది. ఆమె ఎప్పుడూ అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పలేదు. "నేను కావాలని ఉండిపోలేదు. నన్ను మరిచిపోయి వచ్చారు. గిన్నెలు తెచ్చుకున్నారు, నన్ను వదిలేశారు. మా బావగారు మనుషుల్ని లెక్కపెట్టారు, నేను లేకుండానే లెక్క సరిపోయింది. నా కూతురు అమ్మ లేదని నాలుగుసార్లు చెప్పింది. నోరు మూసుకోకపోతే నీళ్లలో పడేస్తామన్నారు దాన్ని. ఇంటికొచ్చి అన్నాలరిగే దాకా నిద్రపోయారు. టీ పెట్టేవాళ్లు లేకపోతే అప్పుడు గుర్తొచ్చాను. ఇందులో నవ్వేది ఏదైనా ఉంటే చెప్పండి, నేనూ నవ్వుతాను."

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన నమిలేది ఆపి, మాణిక్‌కేసి చూశాడు. మాణిక్ బోటు తాడుని అవసరం లేకపోయినా రెండోసారి కట్టాడు.

ఇంట్లో కెటిలు పొయ్యి పక్కన పెట్టి ఉంది. నీళ్లు పోసి ఉన్నాయి, మంట మాత్రం వెలిగించలేదు. రౌఫా దాన్ని చూసి, దాటుకుని, కూతురితో పెరట్లో బావి దగ్గరికి వెళ్లింది. వెనకే అత్తగారు వచ్చి, చేంతాడు తీసుకుని తనే నీళ్లు తోడసాగింది. డెబ్బై ఏళ్ల మనిషి. నాలుగు చేదలు తోడి, ఆయాసంతో ఆగింది.

"నాదే తప్పు" అంది. "పంపింది నేను. దోణిలో గాలికి కునుకు పట్టింది, పిల్ల ఏదో అంటే వినీ విననట్టు ఊరుకున్నాను."

ఇలాంటి మాటకి కోడలు "అయ్యో, మీరేం చేస్తారు అత్తయ్యా" అనాలి. అత్తగారు దానికోసమే కాసేపు ఎదురుచూసింది.

"అవును, మీదే" అంది రౌఫా.

ముసలామె ముఖం చిన్నబోయింది. అయినా చేద వదల్లేదు. ఇంకో రెండు చేదలు తోడి, మనవరాలి తలమీద పోసి, ఉప్పు పోయేలా తన చేతులతోనే రుద్ది, అప్పుడు లోపలికి వెళ్లింది.

మర్నాటి నుంచి రౌఫా పెద్దింటి పొయ్యి ముట్టుకోలేదు. పెరట్లో వలలు పెట్టుకునే చిన్న పాక ఉంటే దాన్ని ఊడ్చి, ఒక గ్యాసుపొయ్యి పెట్టుకుని, తనకీ కూతురికీ మొగుడికీ అందులోనే వండుకుంది. షుజా మొదటిరోజు రెండిళ్ల మధ్య నిలబడి ఏదో నచ్చజెప్పబోయాడు. "నీకు అక్కడ తినాలనుంటే అక్కడ తిను, నేనేమీ అనను" అంది. అతను పాకలోకి వచ్చి కూర్చున్నాడు. రెండోరోజు పొద్దున ఆమె లేచేసరికి టీ పెట్టి ఉంచాడు. పంచదార ఎక్కువైంది. ఆమె తాగింది, బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. పెద్దింట్లో నాజిమా రొట్టెలు కాలుస్తోందని, అవి ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా ఉంటున్నాయని నష్వా రోజూ వచ్చి చెప్పేది. ఊళ్లో ఆడవాళ్లు నీళ్లకనీ, నిప్పుకనీ ఏదో వంకతో పాకలోకి వచ్చి, అసలేం జరిగిందో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. విన్నవాళ్లలో ఒకరిద్దరు తమ ఇళ్ల సంగతులు చెప్పి కళ్లు తుడుచుకున్నారు. చెప్పిన ప్రతిసారీ కోపం తగ్గుతుందనుకుంది రౌఫా. తగ్గలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం మాణిక్ వచ్చాడు. చేతిలో పెద్ద సూరచేప, అప్పుడే పట్టింది, తోకపట్టుకుని వేలాడదీసుకుని వచ్చాడు. పాక గుమ్మం తక్కువ ఎత్తు. లోపలికి రావాలంటే వంగాలి. వంగలేక బయటే నిలబడ్డాడు.

రేవులో తను అలా తమాషా చెయ్యకుండా ఉండాల్సిందని ఆయన అన్నాడు. ముప్పై ఏళ్లుగా దోణి నడుపుతున్నా ఒక్క మనిషిని కూడా వదిలి రాలేదని, ఇప్పుడు రేవులో తనని చూస్తే అందరూ వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారని, తలెత్తుకోలేకపోతున్నానని చెప్పాడు. ఆ ఆఖరి సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది.

రౌఫా ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

"నాకు చెప్పకండి బావగారూ. ఆ పిల్లకి చెప్పండి."

"ఎవరికి, నష్వాకా?" మాణిక్ నమ్మలేనట్టు చూశాడు. "చిన్నపిల్లకి నేను చెప్పేదేంటి?"

"దానికే చెప్పాలి. దాని మాటే మీరు వినలేదు."

మాణిక్ కాసేపు చేపని ఈ చేతినించి ఆ చేతికి మార్చుకున్నాడు. వెళ్లిపోతాడేమో అనుకుంది. పాక మూలనుంచి నష్వా చదువుకుంటున్న పుస్తకం మూసి చూస్తోంది. చివరికి ఆయన మోకాళ్లు పట్టుకుని, గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన ముఖం పిల్ల ముఖానికి సమానంగా వచ్చింది.

"ఆరోజు నువ్వు చెప్పింది నిజం" అన్నాడు. "నేను వినలేదు. పైపెచ్చు కసిరాను. తప్పే."

నష్వా తల్లికేసి చూసింది. రౌఫా ఏమీ సూచించలేదు, తరుగుతూనే ఉంది. అందుకని పిల్ల తనంతట తనే ఆలోచించుకుంది.

"ఈసారి నేను చెబితే దోణి ఆపుతావా?"

"ఆపుతా."

"నాన్న వద్దన్నా?"

"వద్దన్నా ఆపుతా."

"వాన వస్తున్నా?"

మాణిక్ గడ్డం గోక్కున్నాడు. సముద్రం సంగతి తెలిసినవాడు, ఉత్తి మాట ఇవ్వడానికి జంకాడు. "ఆపి, ఏంటో అడుగుతా. అడిగాక చూస్తా" అన్నాడు.

"సరే" అని నష్వా పుస్తకం తెరుచుకుంది.

ఆయన చేపని గుమ్మంలో అరిటాకు మీద పెట్టి, లేవడానికి గుంజ పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుండగా లేచి వెళ్లిపోయాడు.

రౌఫా ఆ చేపని చాలాసేపు ముట్టుకోలేదు. ఈగలు ముసురుతుంటే అప్పుడు కత్తి తీసుకుంది. పొట్ట చీల్చి శుభ్రం చేసి, ముగ్గురికి సరిపడా ముక్కలు కోసి పక్కన పెట్టుకుంది. ఇంకా చాలా చేప మిగిలింది. దాన్ని పళ్లెంలో పెట్టి, గుడ్డ కప్పి, నష్వాని పిలిచి, పెద్దింట్లో ఇచ్చి రమ్మంది.

వండకుండా, పచ్చిదే.